వెయ్యిన్నొకటి

అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత. ఆ సామెత కట్టినవాళ్ళకు, అత్త పోయాక ఆవిడ కంప్యూటరు ఇంట్లో మిగిలిపోతుందన్న సంగతి తెలియదు.

ఈ కోడలికి తెలిసొచ్చింది. పోయినావిడ సొంత అత్తగారు కూడా కాదు, భర్తకు మేనత్త. పెళ్ళి చేసుకోలేదు. లావుపాటి పుస్తకాల చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే అకారాది సూచిక ఉంటుందే, అది తయారుచేయడం ఆవిడ పని. పుస్తకం రాసినవాడికి కూడా గుర్తులేని విషయం ఆవిడకు పేజీతో సహా గుర్తుండేది. ఇంటిల్లిపాదీ ఆవిడను సూచికత్తయ్య అనేవాళ్ళు. ఎదురుగా మాత్రం ఉత్త అత్తయ్యే.

వెనక గది ఆవిడది. ఆ గదికి ఒకే ఒక చట్టం. ఆవిడ వస్తువును ఆవిడే ముట్టుకోవాలి. కళ్ళజోడు కిందపడితే పడిందని చెప్పాలేగాని వంగి తీసి ఇవ్వకూడదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు కోడలు ఒకసారి ఆవిడ బల్ల తుడిచింది. సూచికత్తయ్య ఆ పూటంతా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున, "బల్ల శుభ్రంగానే ఉందిగానీ, ఇప్పుడది నాది కాదు," అంది. అప్పట్నుంచి కోడలు గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడేది.

ఆవిడ కంప్యూటరు కూడా ఆవిడలాగే ఉండేది. అందులో ఉన్నది యునిక్స్ వంశానికి చెందిన బీఎస్‌డీ అనే వ్యవస్థ. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. బొమ్మలు, రంగులు, పలకరింపులు ఏమీ ఉండవు. సరిగ్గా అడిగితే చేస్తుంది, తప్పుగా అడిగితే తప్పని ముక్కుసూటిగా అంటుంది. చూపు మందగించాక సూచికత్తయ్య తన చట్టాన్ని తానే సడలించుకుని, డిగ్రీలో కంప్యూటర్లు చదివిన పాపానికి కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. తిట్లతో మొదలై తిట్లతోనే సాగిన ఆ చదువులో కోడలికి ఆ నల్లతెర భాష పట్టుబడింది. మెప్పు మాత్రం ఏనాడూ దొరకలేదు.

ఉప్పు చరిత్ర మీద ఎవరో రాసిన ఇటుకరాయంత పుస్తకానికి సూచిక వేస్తూ, నకారం దాకా వచ్చి, ఒక మధ్యాహ్నం కుర్చీలోనే తల వాల్చేసింది సూచికత్తయ్య. డాక్టరు వచ్చి చూసి చెప్పేదాకా, ఏదో పేజీ గుర్తుచేసుకుంటోందనే అనుకున్నారు అందరూ.

తర్వాత చాలాకాలం ఆ గది తలుపు దగ్గరగా వేసే ఉంది. చదువు పేరుతో ఇన్నేళ్ళూ హాస్టళ్ళలోనే గడిపిన కూతురు చిట్టి, పరిశోధన వ్యాసం ఇంట్లో కూర్చుని రాసుకుంటానని వచ్చేదాకా.

"అమ్మా, ఆ వెనక గది కంప్యూటరు నాకియ్యవా? నా లాప్‌టాప్ గంటకోసారి మూర్ఛపోతోంది."

"దాంట్లో నీ సాఫ్ట్‌వేర్లు పనిచెయ్యవే. నాయనమ్మ పెట్టుకున్న వ్యవస్థ వేరు."

"అయితే అది తీసేసి లినక్స్ వెయ్యి. నీకొచ్చుగా."

"నాకు చాలా వచ్చు. వచ్చినవన్నీ చేస్తే ఇంట్లో ఉండనిస్తారా?"

పేపరు చాటునుంచి భర్త కలగజేసుకున్నాడు. "వేసెయ్యవోయ్. అత్త కొన్నది ఇనుము. ఇప్పుడమ్మేదంతా రేకు. ఊరికే ఎందుకు పడుండాలి?"

"వేస్తానుగానీ, మీరొచ్చి ఆ బల్ల ముందు కూర్చుంటారా?"

పేపరు మళ్ళీ పైకి లేచింది.

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కోడలు ఆ గదిలోకి వెళ్ళింది. ముందు సూచికత్తయ్య ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి, ఉన్నవి ఉన్నట్టుగా తీసిపెట్టింది. తర్వాత పాత వ్యవస్థను తుడిచేసి లినక్స్ ఎక్కించింది. తుడవమంటావా అని యంత్రం అడిగినప్పుడు మాత్రం చెయ్యి ఒక క్షణం ఆగింది. "ఏమనుకోకండి అత్తయ్యా," అని అవును నొక్కింది. కొత్త వ్యవస్థ ఎక్కాక ఆ ఫైళ్ళను తిరిగి లోపల పెట్టింది.

ఇక్కడే, ఈ ఇంటివాళ్ళు తప్ప మరెవరూ చేయని పొరపాటు ఒకటి చేసింది.

ఈ జాతి కంప్యూటర్లకు పేర్లతో పనిలేదు. పేర్లు మన ముచ్చట కోసం. లోపల ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది. ఫైలు ఎవరిదని అడిగితే యంత్రం చూసుకునేది ఆ నంబరునే. పాత వ్యవస్థ తన దగ్గరికి వచ్చిన మొదటి మనిషికి వెయ్యిన్నొకటి ఇస్తుంది. కొత్తది వెయ్యి ఇస్తుంది. సూచికత్తయ్య అక్కడ వెయ్యిన్నొకటి, కోడలు ఇక్కడ వెయ్యి. ఇల్లు మారినప్పుడు తలుపు మీద పేరు మార్చుకున్నట్టు, పాత ఫైళ్ళను కొత్త మనిషి పేరన రాయడం ఎవరైనా చేసే పని. ఒక్క వాక్యం కొడితే అయిపోతుంది.

కోడలు ఆ వాక్యం సగం కొట్టి చెరిపేసింది. సూచికత్తయ్య వస్తువుల మీద తన పేరు రాసుకోవడమా! మనిషి పోయినా ఆ చట్టం పోయినట్టు ఎవరూ చెప్పలేదు.

ఫైళ్ళ జాబితా అడిగి చూసింది. యజమాని పేరుండాల్సిన చోట వరసగా 1001, 1001, 1001. పటం తీసేసిన గోడ మీద మిగిలిన మేకుల్లా ఉన్నాయి. ఆ నంబరుగల మనిషి ఈ కొత్త వ్యవస్థలో లేదు. అయినా వస్తువులన్నీ ఆవిడవే.

మర్నాడు పొద్దున పొయ్యి మీద కూర ఉండగానే వచ్చి, చిట్టి పేరన ఖాతా తెరిచింది. తర్వాతి నంబరేదో యంత్రమే చూసుకుని ఇచ్చుకుంది. కూర మాడిన వాసన రాకపోతే కోడలు ఆ నంబరు చూసి ఉండేది.

చూసింది మధ్యాహ్నమే. వెయ్యి తర్వాతిది వెయ్యిన్నొకటి. ఫైళ్ళ జాబితాలో మేకులున్న చోటల్లా చిట్టి పేరు వేలాడుతోంది.

"చూశావటే, మీ నాయనమ్మ ఆస్తంతా నీకే వచ్చింది," అని నవ్వింది కోడలు.

"ఉప్పు మీద పుస్తకమా? నాకొద్దు బాబూ," అంది చిట్టి.

సరిచేద్దామనే అనుకుంది. రేపు చూద్దాంలే అనుకుంది. రేపు అనేది ఆడవాళ్ళ పనులన్నీ పోగుపడే మూల.

మొదట వినిపించింది చప్పుడు. పెరట్లో తీగ మీద బట్టలు ఆరేస్తుంటే వెనక గది కిటికీలోంచి టక్, టక్ అని గోటితో బల్ల మీద కొట్టిన శబ్దం, ఆనక ఒక మీట నొక్కిన శబ్దం. కాసేపాగి మళ్ళీ అదే. తడి చీర చేతిలో ఉండగానే కోడలు నిలబడిపోయింది. ఏ మాట ముగించినా గోటితో రెండుసార్లు బల్ల తట్టిగాని ఎంటర్ నొక్కని మనిషి ఆ ఇంట్లో ఒక్కర్తే ఉండేది.

లోపలికి వెళ్ళి చూస్తే చిట్టి పనిచేసుకుంటోంది. కుర్చీ ఎత్తు తగ్గించుకుంది. ఎడంవైపు కర్టెన్ సగానికి లాగుంది.

"ఏంటే ఆ చప్పుడు?"

"ఏ చప్పుడు?" అంది చిట్టి నిజంగానే ఆశ్చర్యపోతూ.

తర్వాత కాగితాన్ని చేతి దూరంలో పట్టుకుని కళ్ళు చిట్లించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఫోను మోగుతున్నా తీయడం మానేసింది. చిట్టి స్నేహితురాలు కంగారుపడి కోడలికి ఫోన్ చేసింది. "ఆంటీ, ఎన్నాళ్ళకో నిన్న ఫోనెత్తి, ఎవరమ్మాయ్ నువ్వు అంది. ఆటపట్టిస్తోందనుకున్నా. పెట్టేసింది."

ఆ సాయంత్రం వెనక గదిలోంచి పిలుపు వచ్చింది.

"కోడలా! టీ ఇంకా కాలేదూ?"

కోడలి చేతిలో గిన్నె జారలేదు. అలాంటివి కథల్లో జారతాయి. స్టవ్ ఆపేసి, చేతులు తుడుచుకుని, వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది. గుమ్మం దాటలేదని తర్వాతెప్పుడో గమనించుకుంది.

"ఏమన్నావే?"

చిట్టి తలెత్తింది. "టీ అడిగానమ్మా. ఏం, తప్పా?"

తెర మీద పరిశోధన వ్యాసం లేదు. సూచిక ఉంది. నకారం దాటి పకారంలో నడుస్తోంది.

రాత్రి భోజనాల దగ్గర భర్తకు చెప్పింది. ఆయన తేలిగ్గా కొట్టిపారేశాడు.

"చదువు ఒత్తిడి. అత్త పని చూసి సరదా పుట్టుంటుంది. నువ్వూ ఊరికే తాడును పామంటావు."

"అయితే రేపు మీరే వెళ్ళి ఆ తాడుతో కాసేపు మాట్లాడిరండి."

మర్నాడు వెళ్ళాడు. నవ్వుతూ వెళ్ళినవాడు గోడ పట్టుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగాడు.

"నన్ను చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచిందోయ్. అత్త తప్ప ఎవరూ పిలవని పేరు. నీక్కూడా తెలీదు."

"ఏం పేరండీ?"

"చెప్పను," అన్నాడాయన. అంత భయంలోనూ ఆ ఒక్కటీ కాపాడుకున్నాడు.

కోడలు ఆఖరి పరీక్ష తానే పెట్టింది. చిట్టి మోకాలి మీద పాత మచ్చ ఒకటుంది. సైకిలు నేర్చుకుంటూ కంచె మీద పడినప్పటిది. ఆ కథ చెప్పమంటే పొద్దుగూకేదాకా చెప్పేది. ఒక్కోసారి ఒక్కోలా చెప్పేది, కంచె ఎత్తు ఏటేటా పెరిగేది.

"ఈ మచ్చ ఎలా వచ్చిందే?" అని వేలు పెట్టి చూపించింది కోడలు.

చిట్టి వంగి తన మోకాలిని చూసుకుంది. చాలాసేపు చూసింది. ఎవరో మర్చిపోయి వదిలేసి వెళ్ళిన వస్తువును చూసినట్టు చూసింది.

"ఎవరిది ఈ కాలు?" అంది.

కోడలు కూతుర్ని తీసుకెళ్ళి ముందు గదిలో పడుకోబెట్టి, తాను వెనక గదికి వచ్చింది. ఈసారి గుమ్మం దాటింది. బల్ల ముందు కూర్చుని, ఆనాడు సగంలో చెరిపేసిన వాక్యాన్ని పూర్తిగా కొట్టింది. ఫైళ్ళన్నీ తన పేరన మార్చింది. ఇక చిట్టికి ఆవిడ వస్తువు ఒక్కటీ లేదు. పీడ విరగడయిందనుకుంది.

వెనక అడుగుల చప్పుడైంది. చిట్టి గుమ్మంలో నిలబడి ఉంది.

"నా వస్తువులు ఎవరు ముట్టుకున్నారు?"

గొంతు సూచికత్తయ్యది. కళ్ళలోంచి ధారగా కారుతున్న నీళ్ళు మాత్రం చిట్టివి. పెదాలు రెండు మాటల మధ్య కొట్టుకున్నాయి. ఎక్కడో అడుగునుంచి, బావిలో పడ్డ పిల్ల గొంతులా, సన్నగా వచ్చింది.

"అమ్మా, నేనెక్కడ కూర్చోను? చోటు లేదే."

చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డ. కోడలు మరుక్షణం ఫైళ్ళన్నీ తిరిగి వెయ్యిన్నొకటి పేరన రాసేసింది. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టింది, యంత్రం రెండుసార్లూ తప్పని చెప్పింది. చిట్టి ఏడుపు ఆగింది. వెళ్ళి కుర్చీలో కూర్చుని, గోటితో బల్ల తట్టి, పని మొదలుపెట్టింది.

వస్తువుల్లో లేదు కిటుకు, నంబరులో ఉందని అప్పుడర్థమైంది. వస్తువులు లాక్కుంటే మనిషిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఆ నంబరు మీదనుంచే పిల్లను తప్పించాలి.

చిట్టి ముందు గదికి వెళ్ళి నిద్రపోయేదాకా ఆగి, కంప్యూటరు లోపలికి రూట్‌గా వెళ్ళింది. ఆ ఇంటికి రూట్ అంటే పెద్ద యజమాని అన్నమాట, ఏ గది తాళమైనా తీయగలదు. చిట్టి నంబరును వెయ్యిన్నొకటి నుంచి వెయ్యిన్ని రెండుకు జరిపింది. జాబితాలో చిట్టి పేరు పోయి, మళ్ళీ మేకులు బయటపడ్డాయి.

ముందు గదిలోంచి కేక వినిపించింది.

"అమ్మా! ఆకలి! ఈ ఇంట్లో మనుషులకు అన్నం పెట్టరా, ఏంటి?"

కోడలు పరుగెత్తింది. "నీ మోకాలి మీద మచ్చ ఎలా వచ్చిందే?"

"ఇప్పుడదెందుకు? సైకిలు మీంచి పడ్డా. ఆ కంచె నా తలకంటే ఎత్తుండేది తెలుసా." చిట్టి ఆగింది. "ఏడుస్తున్నావేంటి?"

"ఉల్లిపాయలు."

"చేతిలో లేవుగా."

"తరగబోతున్నా."

ఆ పూట ముగ్గురూ కలిసి తిన్నారు. భర్త మునుపెన్నడూ లేనంతగా కూర మెచ్చుకున్నాడు. చిట్టి తన గైడును అనుకరించి నవ్వించింది. నవ్వు మధ్యలో దాని చెయ్యి ముద్దతో సహా గాల్లో ఆగిపోయింది. తల మెల్లగా వెనక గది వైపు తిరిగింది.

"ఎవరో పిలుస్తున్నారమ్మా."

"ఎవరూ లేరు, తిను."

"నన్నే. నా పేరుతో కాదుగానీ, నన్నే."

కోడలు ఎంగిలి చేత్తోనే లేచింది. వెనక గదిలో తెర వెలుగుతోంది. కంప్యూటరు లోపలికి ఎవరూ వెళ్ళి లేరు. నడుస్తున్న పనుల జాబితా అడిగింది. ఒక పని నడుస్తోంది. ఉప్పు పుస్తకం సూచిక ఎవరో తెరిచి దిద్దుతున్నారు. ఎవరో చెప్పాల్సిన చోట యంత్రం పేరు చెప్పలేకపోయింది. 1001 అంది.

పని ముందుకు కదలడం లేదు. పకారంలో ఒక మాట దగ్గర కర్సరు మిణుకుమిణుకుమంటూ ఆగి ఉంది. కళ్ళులేని మనిషి, చేతులు లేని మనిషి, ఎవరైనా రాకపోతారా అని గుమ్మం వైపు చెవి పెట్టుకుని కూర్చున్నట్టుంది. ఇంట్లోకి కొత్తగా ఎవరు అడుగుపెట్టి పేరు నమోదు చేసుకున్నా, యంత్రం ఆ ఖాళీ నంబరే తీసి చేతిలో పెడుతుంది. ఎవరూ రాకపోతే అలవాటైన పిల్లనే పిలుస్తుంది. ఖాళీ ఉంచితే లాభం లేదు. ఫైళ్ళు తుడిచేస్తే? "చోటు లేదే" అన్న గొంతు చెవిలో గింగురుమంది. ఆవిడ వస్తువుల జోలికి మళ్ళీ కలలో కూడా పోదు.

కోడలు చెయ్యి కడుక్కుని వచ్చి, తలుపు దగ్గరగా వేసి, కుర్చీకి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అత్తయ్యా, మీరు పిలవకుండా ఈ గదిలో కూర్చుని మీతో మాట్లాడటం నాకిదే మొదలు. తప్పులుంటే తర్వాత తిడుదురుగాని. పిల్లది చిన్నది. దాని పుస్తకం ఇంకా ముందుమాటలోనే ఉంది. నాదంటారా, సగం పైగా అయిపోయింది, సూచిక వేసేసుకోవచ్చు. ఓర్పు అని వెతికితే, చూడుము: కోడలు అని ఉంటుంది. మీ పని నాకు తెలుసు. నా చేతులు మీకలవాటే, పైగా తిట్టినా పారిపోవు. దానిమీదనుంచి చెయ్యి తీసేసి నన్ను పట్టుకోండి. కానీ ఒక మాట. వంటయిన దగ్గర్నుంచి దీపాలు వేసేదాకా మీరు. ఆ తర్వాత నేను. ఆదివారాలు పూర్తిగా నావి. ఒప్పుకుంటే సరే. లేదంటే, ఈ ఇనుమును ముక్కలుగా విప్పి వీధిలో పారేస్తా. మీరు ఎక్కడ కూర్చుంటారో మీరే చూసుకోండి."

చివరి మాట అన్నాక తనకే భయమేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గదిలో ఎవరూ ఆ గొంతుతో మాట్లాడలేదు.

తెర మీద మిణుకుమంటున్న కర్సరు ఆగింది. ఆర్పేసినట్టు కాదు, ఆలోచిస్తున్నట్టు ఆగింది. కాసేపటికి సూచిక దానంతటదే మూసుకుని, ఖాళీ నల్లటి తెర మిగిలింది.

కోడలు లేచి కుర్చీలో కూర్చుంది. రూట్‌గా లోపలికి వెళ్ళి, తన నంబరును వెయ్యి నుంచి వెయ్యిన్నొకటికి మార్చుకుంది. మార్చాక జాబితా చూసింది. ప్రతి ఫైలు పక్కనా తన పేరుంది.

ఏమీ కాలేదు. ఫ్యాను తిరుగుతోంది. పెరట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఏమీ కాలేదనుకుంటూ ఉప్పు పుస్తకం తెరిచిన కోడలికి, పన్ను అన్న మాట ఏయే పేజీల్లో వస్తుందో, ఒక్క పేజీ తిప్పకుండానే తెలిసింది.

ఆ తర్వాత ఇల్లు బాగానే ఉంది. చిట్టి ముందు గదిలో, రిపేరయిన లాప్‌టాప్‌లో వ్యాసం రాసుకుంటోంది, స్నేహితురాలితో గంటలకొద్దీ మాట్లాడుతోంది, కూరలో ఉప్పు గురించి వంకలు పెడుతోంది. భర్త వెనక గది వైపు చూడకుండానే పెరట్లోకి వెళ్ళడం నేర్చుకున్నాడు. మధ్యాహ్నాలు ఇంట్లో వాళ్ళు కోడల్ని పలకరించరు. దీపాలు వేశాక తనే వస్తుంది, మెడ రుద్దుకుంటూ, ఆ పూట పూర్తయిన అక్షరం పేరు చెప్పి. ఒప్పందం ఒప్పందంలాగే నడిచింది. వకారం దాటింది, శకారం దాటింది.

ఉప్పు పుస్తకం హకారంతో ముగిసింది. కోడలు ప్రచురణకర్తకు పంపేసింది. ఇక సూచికత్తయ్యకు పని లేదు, వెళ్ళిపోతుందనుకుంది. నాలుగు రోజుల తర్వాత ఆ ప్రచురణకర్తే వచ్చి తలుపు కొట్టి, సూచిక చాలా బాగా వచ్చిందని, తేనెటీగల మీద ఇంకో పుస్తకం ఉందని చెప్పాడు. వద్దని చెబుదామని కోడలు నోరు తెరిచింది.

"ఎన్ని పేజీలు?" అంది.

ఒక ఆదివారం, దీపాలు వేసి చాలాసేపయ్యాక, ముందు గదిలోంచి చిట్టి పిలిచింది.

"అమ్మా!"

కోడలు తల ఎత్తలేదు. పిలిచింది ఎవరినో, ఆవిడ వెళ్ళి చూసుకుంటుందిలే అనుకుంది. చేతిలో ఉన్న కాగితం కాస్త దూరంగా జరిపి పట్టుకుంది.

"అమ్మా, నిన్నే!"

ఎవరూ పలకడం లేదేమిటా అని విసుక్కుంటూ గుమ్మం వైపు తిరిగింది. గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. మోకాలి మీద మచ్చ. కళ్ళలో బెదురు. కోడలు ఆ పిల్లను పైనుంచి కిందిదాకా చూసింది. ఈ మాట ఎక్కడో చదివాను, ఏ పేజీలో అని వెతికింది. కంగారుపడకుండా, ఓపిగ్గా, అక్షరం తర్వాత అక్షరం వెతికింది.

చకారంలో దొరికింది.

"వస్తున్నానే, చిట్టీ," అంది కోడలు. గబగబా లేచి, గది దాటి వచ్చేసింది.